తాడులాగుడు పందెంలో మన కళాశాల దిగ్విజయం

శ్రీ జగన్నాథరాజా కళాశాల వారు 1896వ సంవత్సరం మాఘమాసంలో తమ రజతోత్సవాన్నీ, వెయ్యో విద్యార్థి ప్రవేశాన్నీ, గడియార స్తంభం ప్రారంభాన్నీ, తాడులాగుడు పందెంలో సాధించిన దిగ్విజయాన్నీ ఒకే పందిట్లో, ఒకే వంటతో జరుపుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఊరి పేరు చెప్పడం లేదు. గోదావరి కాలువల వెంట ఇటువంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. ఒకదాని పేరు చెబితే మిగతావి చిన్నబుచ్చుకుంటాయి.

కళాశాలకి పదకొండేళ్ళే కదా, రజతోత్సవం ఎక్కడిదని కిట్టనివాళ్ళు అడుగుతారు. వాళ్ళకి కూడికలు రావు. కళాశాల కాకముందు అది దివాను గారి అరుగు మీద ఎనిమిదేళ్ళు వీధిబడిగా నడిచింది. వీధిబడి కాకముందు ఆరేళ్ళు జమీందారు జగన్నాథరాజు గారు బడి పెడదామా వద్దా అని ఆలోచించారు. వెరసి పాతికేళ్ళు. సంకల్పం పుట్టిననాడే కార్యం పుట్టినట్టని ఆస్థాన శాస్త్రిగారు సెలవిచ్చాక ఇంకెవరూ వేళ్ళు మడిచి చూడలేదు.

వెయ్యో విద్యార్థి అచ్చిబాబు. రాజావారి బావమరిది కొడుకు. ఏటా ఎఫ్.ఏ. పరీక్ష తప్పడం, ఏటా మళ్ళీ చేరడం అతనికి అలవాటు. చేరిన ప్రతిసారీ కొత్త విద్యార్థి కింద రాసుకోబట్టే ఇంత త్వరగా వెయ్యికి చేరుకోగలిగాం. అటువంటి కుర్రాళ్ళు ఇంకో పదిమంది దొరికితే మద్రాసుని కూడా మించిపోయేవాళ్ళం.

గడియార స్తంభం కట్టడం పూర్తయింది గానీ గడియారం ఇంకా ఓడలో ఉంది. స్తంభం బోసిగా ఉంటే చూసేవాళ్ళకి బాగుండదని, దాని మీద రంగులతో గడియారం బొమ్మ వేయించి, ముళ్ళు పది గంటల దగ్గర నిలబెట్టారు. కళాశాల తెరిచేది పది గంటలకే. ఆ రోజు మొదలు మన కళాశాలకి ఆలస్యంగా వచ్చిన విద్యార్థి గాని ఉపాధ్యాయుడు గాని లేడు.

ఇన్ని ఘనతల మధ్య ఒక్క కొరత మిగిలింది. కిందటేడు తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు దొర స్తంభం చూశాడు, గ్రంథాలయం తలుపుకి వేసిన తాళం చూశాడు, అంతా దివ్యంగా ఉందన్నాడు. వెళ్తూ వెళ్తూ "మీ కుర్రాళ్ళు ఆటలేమీ ఆడరా?" అని అడిగాడు. రాజావారికి తల కొట్టేసినట్టయింది. మన కుర్రాళ్ళు పేకాట బ్రహ్మాండంగా ఆడతారు, కానీ దొర అడిగింది చెమటపట్టే ఆటల గురించి. దొర పడవ కనుమరుగయ్యేదాకా రేవులో నిలబడి, రాజావారు ఇంటికి రాగానే యజ్ఞనారాయణ గారికి కబురంపారు.

"ఆయ్, మేష్టారూ, రండి. ఉత్సవం నాటికి ఓ గెలుపు కావాలండి. ఏ ఆటలో అన్నా ఫరవాలేదండి. శిలాఫలకం మీద ఓ వరస ఖాళీగా అట్టేపెట్టించాను."

"ఎవరి మీద గెలవాలండి?"

"అది తమరి చిత్తం. గెలిస్తే తమరి ఉద్యోగం ఖాయమండి. లేదంటారా, ఆ జీతం పెట్టి ఓ కసరత్తు మేష్టర్ని తెచ్చుకుందామని దివాను గారంటున్నారు. నేనేనండి, పాపం పిల్లలు గలవారు కదా అని ఆపాను."

యజ్ఞనారాయణ గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన బి.ఏ. ప్యాసై, మన కళాశాలలో ఇంగ్లీషూ చరిత్రా చెబుతూ ఆరేళ్ళయింది. ప్రతి వేసవిలోనూ ఆయన ఉద్యోగం ఊడుతుంది, మృగశిర కార్తె రాగానే మళ్ళీ మొలుస్తుంది. సెలవుల జీతం మిగులుతుందని దివాను గారు కనిపెట్టిన ఉపాయం ఇది. ఆ రెండు నెలలూ మేష్టారు భార్య పేరమ్మ గారిని, పిల్లల్ని తీసుకుని మావగారింట్లో ఉంటాడు. అక్కడ మజ్జిగలో నీళ్ళు ఏటికేడాది ఎక్కువవుతున్నాయి. "ఈ ఏడూ ఖాయం కాకపోతే మా నాన్న గుమ్మం నేను తొక్కనండి, గోదాట్లోనన్నా దూకుతాను" అని పేరమ్మ గారు తేల్చి చెప్పేసింది. కాబట్టి పందెం అంటే కుర్రాళ్ళకి ఆటే అయినా, మేష్టారికి మాత్రం కూడు.

పైగా ఆయన సంస్కర్త. మనుషులందరూ పుట్టుకతో సమానమని తరగతిలో చెబుతుంటే, వెనక బల్ల మీద నిద్రపోతున్న అచ్చిబాబు కూడా లేచి చప్పట్లు కొట్టేవాడు. సాయంత్రం మేష్టారు, అందరితో కలిసి కూర్చుని ఉపన్యసించినందుకు ఇంటికెళ్ళి నూతి దగ్గర తలస్నానం చేసేవాడు. ఈ రెండూ ఒక్క మనిషి ఎలా చేస్తాడని ఆశ్చర్యపోయేవాళ్ళు మన ఊళ్ళో ఎవరూ లేరు. ఆయన్ని ఆదర్శంగా తీసుకుని మనమూ అలాగే చేసేవాళ్ళం.

ఏ ఆట ఆడాలన్నది తేల్చడానికి శాస్త్రిగారి అధ్యక్షతన సభ కూర్చుంది. క్రికెట్టు అన్నారు. దాని బంతి తోలుతో చేస్తారని తెలిసి, ఆ మాట అన్నవాడి చేత ఆచమనం చేయించారు. కాలితో తన్నే బంతీ తోలుదే. కుస్తీలో ఒకరినొకరు ముట్టుకోవాలి. పరుగు పందెం బాగానే ఉంది గానీ పంచె కట్టుకుని పరిగెడితే గెలిచేది పంచె ఒక్కటే. చివరికి తాడులాగుడు నిలిచింది. కొబ్బరి పీచు మోకు. నూతిలో చేద దింపేది, దేవుడి రథం లాగేది దానితోనే. అంతకంటే పవిత్రమైన ఆటవస్తువు ప్రపంచంలో లేదని శాస్త్రిగారు మెచ్చుకున్నారు.

ప్రత్యర్థులు దొరకడమే కష్టమైంది. చుట్టుపక్కల పందేనికి ఒప్పుకున్నది ఒక్కరే, పై ఊరి మిషను కళాశాల వారు. వాళ్ళ జట్టుకి నాయకుడు రాజరత్నం అనే ఉపాధ్యాయుడు. ఆయనా మన మేష్టారూ మద్రాసులో ఒకే గదిలో ఒకే ఏడు బి.ఏ. పరీక్ష రాశారు. ఆయన తాతగారు క్రైస్తవం పుచ్చుకోకముందు మన పొలాల్లోనే పాలికాపు. ఈ విషయం మనకి ఆయన పేరు కంటే ముందు గుర్తొస్తుంది.

పందెం నిశ్చయమై, కరపత్రాలు పంచేశాక ఓ ముసలాయనకి సందేహం వచ్చింది. మోకు ఒకటే కదా. ఆ కొస వాళ్ళు పట్టుకుంటే, ఈ కొస మనవాళ్ళు పట్టుకుంటే, మైల మోకు వెంట నడిచి రాదా? మళ్ళీ సభ కూర్చుంది. పీచు గుండా మైల పాకుతుందనీ, పట్టుబట్ట దగ్గర ఆగిపోతుందనీ శాస్త్రిగారు తేల్చారు. మోకుని నడిమికి కోసి, మధ్యలో మూర పొడుగు పట్టుచీర ముక్క కట్టాలని తీర్మానమైంది. రాజావారి దేవేరి బంగారమ్మ గారు ఎంతో ఔదార్యంతో తన అత్తగారి కాలం నాటి చీర ఇచ్చింది. కొత్త చీర పాడుచేయడం దేనికని ఆవిడ ఉద్దేశం.

ఈ ఏర్పాటు అవతలివాళ్ళకి చెప్పవలసిన భారం మేష్టారి మీద పడింది. పడవెక్కి వెళ్ళి, రాజరత్నం ఇంటి వీధి అరుగు మీద నిలబడే, చరిత్ర గురించి చాలాసేపు మాట్లాడి, చివరికి గొంతు సవరించుకుని చెప్పాడు.

రాజరత్నం నవ్వలేదు. "కట్టుకోండి మేష్టారూ, మాకేం అభ్యంతరం లేదండి. పాత బట్ట అంటున్నారు, నాలుగు మడతలు వేసి కట్టండి. మా కుర్రాళ్ళు పొలాల్లో పని చేసొచ్చినవాళ్ళు, గట్టిగా లాగుతారు."

పందెం రోజు వచ్చింది. రేవు దగ్గర కాలువగట్టు పక్క మైదానంలో జనం కిటకిటలాడిపోయారు. తాసీల్దారు గారు మధ్యవర్తి. ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఇరుపక్షాలనూ సమానంగా చూస్తున్నారు. మోకుని కాలువ వెంబడి పరిచి ఉంటే ఈ కథ లేదు. కానీ మనవాళ్ళు దక్షిణముఖంగా నిలబడితే అరిష్టమనీ, ఉత్తరముఖం బైరాగులకనీ, జయం కోరేవాడు తూర్పుకే తిరగాలనీ శాస్త్రిగారు శాసించారు. తూర్పుకి తిరిగితే వీపు పడమటికి ఉంటుంది. పడమట కాలువ ఉంది. ఆ రెండో సంగతి శాస్త్రాల్లో లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మన జట్టులో చివరివాడు అచ్చిబాబు. మోకు కొస నడుముకి చుట్టుకుని, కదలమన్నా కదలని భారంతో నిలబడ్డాడు. అతని వెనక, గట్టు అంచున, మేష్టారు నిలబడి ఇంగ్లీషులో ప్రోత్సహిస్తున్నాడు.

తాసీల్దారు గారిని లేపారు. ఆయన రుమాలు ఊపారు. రెండు జట్లూ లాగాయి. మన ఎనిమిదిమందీ నిజంగానే లాగారు, ఆ మాట ఒప్పుకోవాలి. బంగారమ్మ గారి అత్తగారి చీర మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మిషను కుర్రాళ్ళు దుమ్ములో వెల్లకిలా పడి, నవ్వుకుంటూ లేచారు. మనవాళ్ళు ఒకరి మీద ఒకరు దొర్లుకుంటూ, అచ్చిబాబునీ, అచ్చిబాబు వెనకున్న మేష్టారినీ కలుపుకుని కాలువలో పడ్డారు. దాళ్వా పంటకి వదిలిన నీళ్ళు నిండుగా పారుతున్న రోజులు. మన కుర్రాళ్ళు కాలువ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళే, ఈదుకుంటూ ఒడ్డు చేరారు. అచ్చిబాబు మునగడానికి అతని శరీరమే ఒప్పుకోలేదు. ఈత రానివాడు యజ్ఞనారాయణ గారొక్కడే. ఆయన పంచె కాళ్ళకి చుట్టుకుంది. ఒకసారి మునిగాడు.

ఒడ్డున అయిదువందల మంది ఉన్నారు. అందరూ ఉత్సవం బట్టల్లో ఉన్నారు. ఎవరైనా దూకండి, ఎవరైనా దూకండి అని ప్రతివాడూ పక్కవాడికి చెప్పాడు. రాజావారు స్వయంగా లేచి నిలబడ్డారు.

మేష్టారు తేలేసరికి, అవతలి కొసన ఉన్న రాజరత్నం జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, మొలలోతు నీళ్ళలో నిలబడి, కుడిచెయ్యి చాచి ఉన్నాడు. నల్లటి, పొడుగాటి చెయ్యి. పసుపుపచ్చ చొక్కా మోచేతి దాకా మడిచి ఉంది. మేష్టారు ఆ చేతిని చూశాడు. ఎవరిదో పోల్చుకున్నాడు. తల తిప్పి, గట్టు మీద శాస్త్రిగారు చూస్తున్నారేమోనని చూశాడు. చూస్తున్నారు. అంతలో రెండోసారి మునిగాడు.

మునిగిన ఆ కాసేపట్లో ఆయనకి పేరమ్మ గారూ పిల్లలూ కనబడ్డారు, వేదాలూ చరిత్ర పుస్తకాలూ ఏవీ కనబడలేదు. ప్రాణభయం వేసింది. ఈసారి తేలగానే రెండు చేతులతోనూ ఆ చేతిని వాటేసుకున్నాడు. ఆనాడు మొత్తం మీద మన కళాశాల తరఫున అంత బలం ఎవరూ చూపించలేదు. రాజరత్నం ఒక్క ఊపున ఒడ్డుకి లాగి, బోర్లా పడుకోబెట్టి, నీళ్ళు కక్కించి, "అయిపోయింది మేష్టారూ, భయం లేదండి, గాలి పీల్చండి" అన్నాడు. మేష్టారు ఆయన చెయ్యి ఇంకా వదల్లేదు.

తోలుతిత్తి లాంటి తన బొజ్జ తడుముకుంటూ తాసీల్దారు గారు ఫలితం ఏమిటని అడిగారు. రాజావారు సమాధానం సిద్ధంగా ఉంచారు. అవతలి జట్టు తమవైపుకి నాలుగడుగులు మాత్రమే వెళ్ళగలిగింది. మన జట్టు మనవైపుకి మైదానమంతా దాటి, గట్టు దాటి, కాలువలోకి వెళ్ళింది. ఎవరు ఎక్కువ లాగినట్టు? తాసీల్దారు గారు న్యాయం తెలిసినవారు. బాజాలు మోగాయి. ఉత్త మోకుతో మళ్ళీ లాగుదామండి అని మిషను కుర్రాళ్ళెవరో అన్నట్టున్నారు గానీ సన్నాయి గోలలో వినపడలేదు.

అంతటితో అయిపోతే బాగుండును. సాయంత్రం విందు ఉంది. గెలిపించిన మేష్టారు భోజనాల బంతిలో రాజావారి పక్కన కూర్చోవాలి. మధ్యాహ్నం ఆయన్ని ఎవరు ముట్టుకున్నారన్నది అయిదువందల మంది చూశారు. మన ఊళ్ళో చూడడం వేరు, జరగడం వేరు. జరిగిందని ఒప్పుకుంటే ప్రాయశ్చిత్తం కావాలి, బంతి పాడవుతుంది, బంతి పాడైతే ఉత్సవం పాడవుతుంది. రాజావారు మేష్టారిని లోపలి గదిలోకి పిలిపించారు. శాస్త్రిగారు కూడా ఉన్నారు.

"మేష్టారూ, తమర్ని నీళ్ళలోంచి ఎవరు తీశారండి?" అని రాజావారు ఎంతో మర్యాదగా అడిగారు. "తొందర లేదు, నిదానంగా ఆలోచించుకుని చెప్పండి. తమరి ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇదిగో, ఇంకా సంతకం పెట్టలేదు."

మేష్టారి ఒంట్లో చలి ఇంకా తగ్గలేదు. ఆయన కాగితం వైపు చూశాడు. "మనిషి కనపడలేదండి" అన్నాడు. "చెయ్యి ఒక్కటే కనపడిందండి."

"చెయ్యా? ఎలా ఉంది?" అని శాస్త్రిగారు ముందుకి వంగారు.

"నల్లగా ఉందండి."

"నల్లగా! నీలమేఘశ్యాముడు! ఇంకా?"

"చేతి మీద... పసుపుపచ్చ బట్ట ఉందండి."

"పీతాంబరం!" అంటూ శాస్త్రిగారు లేచి నిలబడిపోయారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. రాజావారు సంతకం పెట్టి, కలం కళ్ళకద్దుకున్నారు.

ఆ రాత్రి సభలో మేష్టారు అనర్గళంగా మాట్లాడాడు. "మహాజనులారా! విద్యకి వినయం ఎంతో, విజయానికి దైవబలం అంత! మన కళాశాల పాతికేళ్ళ పుణ్యం పండి, సాక్షాత్తూ భగవంతుడే ఈ అల్పుడికి చెయ్యి అందించాడు!" అన్నాడు. ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టారు. పందిరి బయట, పడవ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ రాజరత్నం అంతా విని, తన కుర్రాళ్ళని తీసుకుని రేవుకి నడిచాడు. మేష్టారు వేదిక మీంచి అది చూశాడు. ఆయనకి సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఇంటికెళ్ళగానే తలస్నానం చేశాడు.

భగవంతుడి చెయ్యి వెలసిన చోటు ఉత్తిగా ఉంచడం మన సంప్రదాయం కాదు. ఆరు నెలలు తిరక్కుండా రేవులో మండపం లేచింది. అందులో నల్లరాతి చెయ్యి, దానికి రోజూ పసుపుపచ్చ పట్టుబట్ట, ఈసారి కొత్తది. పరీక్షల రోజుల్లో విద్యార్థులు వచ్చి మొక్కుకునేవారు. అచ్చిబాబు ఆ ఏడే ఎఫ్.ఏ. ప్యాసవడంతో, ఇక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు. మండపానికి ధర్మకర్తగా యజ్ఞనారాయణ గారినే నియమించారు. వేసవిలో కూడా జీతం వస్తోంది. పేరమ్మ గారు చిక్కటి మజ్జిగ పోస్తోంది.

ఆ శ్రావణంలో ఒక ఉదయం మేష్టారు రాతి చేతికి పూలు పెడుతుండగా పడవ ఆగింది. రాజరత్నం దిగబోయాడు. కావలివాడు లోవరాజు పరిగెత్తుకెళ్ళి కర్ర అడ్డం పెట్టాడు.

"ఇక్కడ దిగకూడదండి. దేముడి చెయ్యి వెలిసిన చోటండి ఇది. తమరు దిగువ రేవులో దిగాలండి."

"ఎప్పట్నుంచీ?"

"దేముడు మేష్టార్ని తీసినకాణ్ణుంచీనండి."

రాజరత్నం మండపం వైపు చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. లోవరాజూ, ఆయన్ని రానీ, అన్న మాట మేష్టారి గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఖాయమైన ఉద్యోగం గొంతులో ఎంత చోటు తీసుకుంటుందో ఖాయమైనవాళ్ళకే తెలుసు.

"నమస్కారమండి మేష్టారూ. పిల్లలు బాగున్నారా?" అన్నాడు రాజరత్నం, కుడిచెయ్యి ఎత్తి. చెప్పులు చేత్తో పట్టుకుని దిగువ రేవు బురదలోకి నడిచాడు.

మేష్టారు అటు తిరగలేదు. రాతి చేతికి రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. ఆయన భక్తి చూసి రేవులో ఉన్నవాళ్ళందరం ముచ్చటపడ్డాం. మనమూ అంతే, ఆ దారిన పోయినప్పుడల్లా చెప్పులు విడిచి ఆ చేతికి మొక్కుతూనే ఉన్నాం. ఆ చెయ్యి గల మనిషి ఎదురొస్తే పక్కకి తప్పుకుంటూనే ఉన్నాం.